నగర గృహమున బాతులు – గృహస్థు మార్చుకొనవలసిన దినచర్య

నగరములలో నివసించు గృహస్థులకు ఇటీవలి కాలమున పెంపుడు ప్రాణులపై ప్రీతి మిక్కిలి పెరిగినది. కుక్క, పిల్లి, గాజుతొట్టెలోని చేపలతో తృప్తి చెందక కొందరు బాతులను కూడ ఇంటికి తెచ్చుకొనుచున్నారు. సొంత ఇల్లు, కొద్దిపాటి పెరడు లేక విశాలమైన డాబా గలవారికి ఈ కోరిక కలుగుట సహజమే. బాతు సాధుస్వభావము గల పక్షి. దాని నడక చూచి పిల్లలు మురియుదురు. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలకు మంచి కాలక్షేపమగును. పెరటిలోని నత్తలను, పురుగులను ఏరి తినును. గ్రుడ్లు కూడ లభించును.

అయితే తెచ్చిన రెండు మాసములు గడువకముందే విసుగు చెంది, వీటిని ఎవరికైనను ఇచ్చివేయుట ఎట్లని అడుగువారిని నేను పలువురిని చూచితిని. దుర్వాసన, అరపులు, బురద, తెల్లవారకముందే మేల్కొనవలసి వచ్చుట అనునవి వారు చెప్పు కారణములు. ఇవి బాతుల దోషములు కావు. బాతు తన ప్రకృతిని అనుసరించి నడచుకొనుచున్నది. మన ఇంటికి అది అలవాటు పడునని మనము ఎదురుచూచుచున్నాము. శాస్త్రదృష్టితో చూచినచో ముందుగా అలవాటు పడవలసినది బాతు కాదు, గృహస్థు. ఈ ఒక్క విషయము గ్రహించినవారి ఇంట బాతులు ఆరోగ్యముగా ఉండును. గ్రహించనివారి ఇంట బాతులకును, మనుష్యులకును కూడ అనారోగ్యమే మిగులును.

దేశము – సాత్మ్యము

ఆయుర్వేదము భూమిని జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు దేశములుగా విభజించినది. నీరు తక్కువై, గాలి, ఎండ ఎక్కువగా ఉండు ప్రదేశము జాంగలము. చెరువులు, కాలువలు, చిత్తడి నేలలు గలది ఆనూపము. రెండు లక్షణములును సమముగా గలది సాధారణము. నీటిపై సంచరించు హంసాది పక్షులను చరకాచార్యులు వారిచరములను వర్గమున చేర్చినారు. బాతును కూడ ఈ వర్గమునకు చెందినదిగానే మనము గ్రహించవలెను. కొల్లేటి చుట్టుపట్లను, కృష్ణా గోదావరి డెల్టాలలోను వరికోతలు ముగిసిన పిమ్మట బాతుల మందలను పొలము నుండి పొలమునకు తోలుకొని పోవుట నేటికిని కలదు. రాలిన గింజలు, నత్తలు, మడులలోని నీరు – ఇదియే దాని సహజ జీవనము.

సిమెంటు గచ్చు, ఎండకు కాలు డాబా, గంటసేపు మాత్రమే వచ్చు కుళాయి – ఇది జాంగల దేశమును మించిన ఎండు ప్రదేశము. ఆనూప ప్రాణిని జాంగల గృహమునకు తెచ్చినప్పుడు ఆ ఇంట కొంతమేరకైనను ఆనూప లక్షణమును కల్పింపక తప్పదు.

శరీరమునకు అలవాటై హితముగా పరిణమించినదానిని సాత్మ్యమందురు. అలవాటు ఒక్క దినమున కలుగదు. అహితమైన అలవాటును నాలుగవ వంతు చొప్పున విడుచుచు, హితమైనదానిని నాలుగవ వంతు చొప్పున గ్రహించుచు, నడుమ విరామమిచ్చుచు పోవలెనని చరకాచార్యులు సూత్రస్థానమున బోధించినారు. దీనినే పాదాంశిక క్రమమందురు. కాఫీ మానువారికి, ప్రాతఃకాలమున లేవదలచినవారికి మేము చెప్పు పద్ధతి ఇదియే. బాతులు పెంచదలచినవారికి కూడ ఇదియే శరణ్యము.

ఒక కుటుంబము

హైదరాబాదు నగరమున ఒక కాలనీలో నివసించు కుటుంబమొకటి మా వైద్యశాలకు వచ్చినది. ఇంటి యజమాని బ్యాంకులో పనిచేసి విరమించినవారు. పుట్టి పెరిగినది నగరముననే. మనుమనికి ఏడు సంవత్సరములు. పదిహేను దినములుగా రాత్రులందు దగ్గు, తెల్లవారుజామున తుమ్ములు అని తీసికొని వచ్చినారు. ఆహార విహారములను గూర్చి ప్రశ్నింపగా, పిల్లవాడే సంతోషముతో బాతుల సంగతి చెప్పినాడు. సంతలో మూడు బాతుపిల్లలను కొన్నారు. తొట్టి నిండుగా నీరు పోసి వదలగా ఒకటి ఆ రాత్రియే చలికి ముడుచుకొని చనిపోయినది. మిగిలిన రెండింటిని భద్రమని పిల్లవాని పడకగదిలో అట్టపెట్టెలో ఉంచినారు. వాసన పోవుటకై ఉదయము, సాయంకాలము అదే గదిలో సాంబ్రాణి వేయుచున్నారు.

దగ్గునకు కారణము వేరుగా వెదకవలసిన పని లేకపోయినది. ఎండిన రెట్ట, నూగు, పొగ – మూడును ఒకే గదిలో చేరినవి. నేను ముందు ఔషధము వ్రాయలేదు. పెట్టెను గది నుండి తీయుడు, పొగ మానుడు, పిల్లవానిచేత పెట్టెను శుభ్రము చేయింపకుడు అని చెప్పితిని. ఊపిరితిత్తుల పరీక్షకు పిల్లల వైద్యుని యొద్దకు కూడ పంపితిని.

ఆ ఇల్లాలు చెప్పిన మాట మాత్రము ఆలోచింపదగినది. "అయ్యా, మాకు నీళ్ల ట్యాంకరు వచ్చేదే రెండు రోజులకొకసారి. వీటికి రోజూ రెండు బకెట్లు ఎక్కడి నుంచి తెమ్మంటారు? వద్దనుకుంటే ఈ పసివాడు అన్నం ముట్టడు" అన్నది. నగరమున బాతులు పెంచు ప్రతి ఇంటి సమస్య ఈ మూడు వాక్యములలోనే ఉన్నది. ఆమెకు చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి ఇచట వ్రాయుచున్నాను.

తెచ్చుటకు ముందు

మొదటి నియమము: ఒంటరి బాతును తేరాదు. అది గుంపులో బ్రతుకు పక్షి. కనీసము రెండు ఉండవలెను. మగవి రెండు, ఆడది ఒకటి అయినచో ఆడబాతు మెడపై ఈకలు ఊడి పుండ్లు పడును. ఒక మగ బాతునకు నాలుగైదు ఆడబాతులుండుట మేలు. బాతుపిల్లలు అక్కర లేనివారు రెండు ఆడవి గాని, రెండు మగవి గాని పెంచుకొనవచ్చును. ఎదిగిన మగ బాతునకు తోకపై ఈకలు చుట్టలు తిరిగి ఉండును. దాని గొంతు బొంగురుగా, మెల్లగా ఉండును. గట్టిగా అరచునది ఆడబాతే.

రెండవది జాతి. 20వ శతాబ్దపు ఆరంభమున ఇంగ్లండులో రూపొందిన ఖాకీ కాంప్‌బెల్ జాతి గ్రుడ్లకు ప్రసిద్ధము. మంచి పోషణ ఉన్నచో సంవత్సరమునకు మూడు వందల వరకు పెట్టగలదు. తెల్లని వైట్ పెకిన్ జాతి బరువైనది. దక్షిణ అమెరికా నుండి వచ్చిన మస్కవీ జాతి అరవదు, బుసవంటి శబ్దము మాత్రమే చేయును. ఇరుగుపొరుగు దగ్గరగా గలవారికి ఇది అనుకూలము. చెరువులలోని అడవి బాతులను, వలస పక్షులను పట్టి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. దారిలో ఎవరైనను అమ్మజూపినను కొనరాదు.

మూడవది కాలము. బాతు ఎనిమిది మొదలు పన్నెండు సంవత్సరముల వరకు జీవింపగలదు. నేడు మూడవ తరగతి చదువు పిల్లవాడు కళాశాలకు పోవునాటికి కూడ ఆ బాతు ఇంటనే ఉండును. వేసవి సెలవులలో ఊరికి పోయినప్పుడు దానిని చూచువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకిన తరువాతనే బాతును తేవలెను.

నాలుగవది స్థలము. అపార్టుమెంటులోని బాల్కనీ బాతులకు తగదు. నీడ, మట్టి నేల, నీరు పోవు దారి గల పెరడు ఉత్తమము. డాబాపై పెంచువారు సగము భాగమునకైనను నీడ కల్పింపవలెను. బాతునకు చెమట పట్టదు. నోరు తెరచి ఒగర్చుట ద్వారా వేడిని పోగొట్టుకొనును. మన వేసవి ఎండలో కాలు డాబా దానికి ప్రాణాంతకము.

పిల్లల పోషణ

తల్లి లేని బాతుపిల్లలకు మొదటి వారమున సుమారు 32 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనము అవసరము. తరువాత వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుచు రావలెను. పెట్టెకు ఒక మూల మాత్రమే దీపము అమర్చినచో పిల్లలు తమకు కావలసిన దూరమును తామే ఎన్నుకొనును. దీపము క్రింద ఒకదానిపై ఒకటి ఎక్కి ముడుచుకొన్నచో చలి. దూరముగా పోయి నోరు తెరచినచో వేడి. అంతట చెదరి పండుకొన్నచో సరిపోయినదని అర్థము. ఏడెనిమిది వారములకు ఈకలు నిండును.

బాతుపిల్ల పుట్టుకతోనే ఈదును గదా అని తొట్టిలో విడుచుట పెద్ద ప్రమాదము. తోక మొదట ఉండు గ్రంథి నుండి వచ్చు జిడ్డును ముక్కుతో తీసి ఒంటికి పూసికొనుట వలననే బాతు నీటికి తడియదు. పసితనమున తల్లి ఒంటి జిడ్డు పిల్లల నూగునకు అంటును. తల్లి లేని పిల్లకు ఆ రక్షణ ఉండదు. అది త్వరగా తడిసి, చలికి చచ్చును. మొదటి వారములలో నీటిపాత్ర లోతు తక్కువగా ఉండి, అందులో గులకరాళ్లు వేయవలెను. ముక్కు, కన్నులు మునుగునంత నీరు చాలును, ఒడలు మునుగరాదు.

నీరు

పెద్ద బాతునకు తల పూర్తిగా మునుగునంత లోతు గల పాత్ర ఎల్లవేళల ఉండవలెను. ముక్కురంధ్రములను, కన్నులను అది నీటితోనే కడుగుకొనును. మేత పెట్టిన చోటనే నీరుండవలెను. నీరు లేక పొడి మేత తిన్నచో గొంతున అడ్డుపడును. స్నానమునకు మాత్రము చెరువు అక్కరలేదు. రెండు బకెట్ల నీరు పట్టు వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి రెండు బాతులకు సరిపోవును. ఎక్కి దిగుటకు ఒక ఇటుక వేయవలెను.

ఆ నీటిని ప్రతిదినము మార్చవలెను. ఇందులో మినహాయింపు లేదు. నిలిచి కుళ్లిన నీటిలో పుట్టు విషము వలన బాతునకు మెడ వాలిపోయి, కాళ్లు చచ్చుబడి ప్రాణము పోవును. పైగా నిలువ నీటిలో డెంగీ దోమ పెట్టిన గ్రుడ్లు సుమారు ఎనిమిది పది దినములలో దోమలగును. బాతు దోమ పిల్లలను తినునను ధైర్యముతో తొట్టిని వారము దినములు విడుచుట తగదు.

నీటి కొరత గల ఇంట ఏమి చేయవలెను? పై ఇల్లాలికి నేను చెప్పినది ఇది. కూరగాయలు కడిగిన నీటిని, బియ్యము కడిగిన నీటిని మొక్కలకు పోయుచున్నారు గదా. మొక్కలకు పోయు మంచినీటిని ముందు బాతుల తొట్టికి పోసి, మరునాడు ఆ మురికి నీటిని అరటికి, మునగకు, పూలమొక్కలకు పోయుడు. నీరు రెండు పనులు చేయును. రెట్ట కలిసిన నీరు మొక్కలకు మంచి ఎరువు. పచ్చిగా తిను కొత్తిమీర, పుదీన వంటి ఆకులపై మాత్రము ఆ నీటిని పోయరాదు.

ఆహారము

ఇంటిలో మిగిలిన రొట్టె, బిస్కట్లు, ఉప్పుకారములు తగిలిన అన్నము బాతుల ఆహారము కాదు. కడుపు నిండును గాని పోషణ కలుగదు. పిల్లలకు మందు కలపని కోడిపిల్లల దాణా వాడవచ్చును. అయితే బాతుపిల్లకు నయాసిన్ అను జీవపోషకము కోడిపిల్ల కన్న ఒకటిన్నర నుండి రెండింతల వరకు అధికముగా కావలెను. ఇది తక్కువైనచో కాళ్లు వంకరలు తిరిగి, కీళ్లు వాచి, పిల్ల నడువలేక కూలబడును. నగరములలో బాతుపిల్లలు కుంటుటకు ఇది సాధారణ కారణము. పశువైద్యుని సలహాపై దాణాలో ఈస్టు పొడి కలిపినచో నివారింపవచ్చును. పచ్చి బఠాణీలు కూడ మంచివి.

పెద్ద బాతులకు నూకలు, తవుడు, సన్నగా తరిగిన ఆకుకూరలు, దోస, గుమ్మడి ముక్కలు పెట్టవచ్చును. ఇవి మాత్రమే చాలవు. మాంసకృత్తుల కొరకు దాణా గాని, పెరటి పురుగులు, నత్తలు గాని ఉండవలెను. గ్రుడ్లు పెట్టువాటికి ఆల్చిప్పల పొడిని వేరు పాత్రలో ఉంచినచో తమకు కావలసినంత అవియే తినును. మేత నలుగుటకు సన్నని ఇసుకరాళ్లు అవసరము.

ఒక హెచ్చరిక. మన ఇండ్లలో వేరుశనగ చెక్క సులభముగా దొరకును. బూజు పట్టినది, ముక్కవాసన గలది ఎట్టి పరిస్థితిలోను పెట్టరాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు, వాటితోపాటు బాతుపిల్లలు హఠాత్తుగా చనిపోయినవి. బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ పిండికి పట్టిన బూజులోని విషమే కారణమని తేలినది. అఫ్లాటాక్సిన్ అను ఆ విషము ఆ విధముగనే లోకమునకు తెలిసినది. దానికి మిక్కిలి సులభముగా లొంగు ప్రాణులలో బాతుపిల్ల ఒకటి. మనము తినుటకు సందేహించు గింజను బాతునకు వేయుట ధర్మము కాదు.

నేల – నిద్ర

బాతు పాదము బురదనేలకు ఏర్పడినది. గచ్చుపై నిత్యము తిరిగినచో అరికాలు ఒరసి, లోపల చీము గట్టి, నల్లని పెచ్చు కట్టిన వాపు వచ్చును. కావున గచ్చుపై వరిగడ్డి గాని, ఊక గాని దట్టముగా పరచవలెను. తడిసినదానిని ప్రతిదినము తీసి, వారమునకొకసారి అంతయు మార్చవలెను. ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చినచో ధూళి రేగును. ముందు నీరు చిలకరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొని తీయవలెను.

రాత్రివేళ కుక్కలు, పిల్లులు, ముంగిసలు, పందికొక్కులు బాతులను చంపును. చీకటి పడకముందే ఇనుప జాలి గల గూటిలో చేర్చి గడియ వేయవలెను. గూటిలో గాలి ఆడవలెను. బాతు నిద్ర విచిత్రమైనది. గుంపు అంచున పండుకొనిన బాతు ఒక కన్ను తెరచి, మెదడులో సగము మేల్కొనియుండి నిద్రించునని 1999లో ప్రచురితమైన పరిశోధన తెలుపుచున్నది. రాత్రంతయు వెలుగు దీపము, కుక్కల అలికిడి ఉన్నచోట ఈ పక్షి నిజముగా నిద్రింపలేదు. మనకు వలెనే దానికిని నిద్రాభంగము రోగహేతువు.

నడక, కన్ను, రెట్ట

మేము గురుకులమున చదువుకొను కాలమున మా గురువుగారు రోగిని ముట్టకముందు కొంతసేపు చూడుమనెడివారు. అది మాట్లాడలేని ప్రాణుల విషయమున మరియు అవసరము. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయమున అన్నరక్షణాధ్యాయమునందు, విషాన్నము వలన పక్షులలో కలుగు వికారములను చెప్పుచు, హంస నడక తడబడునని వ్రాసినారు. పక్షి నడకను చూచి రోగమును గుర్తింపవచ్చునను సంగతి మన పెద్దలకు తెలియును.

ప్రతిదినము ఉదయము గూడు తెరచినప్పుడు ఐదు నిమిషములు నిలిచి చూడవలెను. అన్నియు వేగముగా బయటకు వచ్చినవా? ఏదైనను కుంటుచున్నదా? కన్నులలో నురుగు, పుసి ఉన్నదా? ముక్కు కారుచున్నదా? రెట్టలో నెత్తురు గాని, పచ్చని జిగట గాని కలదా? మేత ముట్టక ఒక మూల నిలుచున్న బాతు అప్పటికే బాగుగా జబ్బు పడినదని గ్రహింపవలెను. పక్షులు రోగమును చివరివరకు దాచును. వెంటనే పశువైద్యుని చూపవలెను. బాతులకు వచ్చు ప్లేగు, కలరా వ్యాధులకు టీకాలు కలవు. ఎప్పుడు వేయించవలెనో తెచ్చిన వారముననే పశువైద్యశాలలో విచారించుట మంచిది.

ఇక గృహవైద్యమునకు హద్దులు. మనకు హితమైనవన్నియు బాతునకు హితము కావు. అభ్యంగనము మనకు శ్రేష్ఠము. బాతు ఈకలకు నూనె రాసినచో అవి అంటుకొనిపోయి, నీటికి తడిసి, చలికి అది చనిపోవును. ధూపము మన ఇండ్లకు శుభ్రత. పక్షుల శ్వాసావయవములు మిక్కిలి సున్నితములు గాన సాంబ్రాణి, గుగ్గిలము, దోమల చుట్టల పొగ గూటి దరి చేరరాదు. చిన్న గీతలకు గోరువెచ్చని ఉప్పునీటితో కడిగి, శుభ్రమైన పొడి గడ్డిపై ఉంచుట వరకే మన పని. అరికాలి వాపును ఇంట కోయరాదు.

ఇంటివారి ఆరోగ్యము

చూచుటకు ఆరోగ్యముగా ఉన్న బాతు రెట్టలో కూడ సాల్మొనెల్లా అను క్రిములుండవచ్చును. ముట్టుకొన్న ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. పిల్లలు బాతుపిల్లలను ముద్దు పెట్టుకొనుట, అన్నము తినుచు ఆడుట మాన్పింపవలెను. తొట్టిని వంటింటి తూములో కడుగరాదు. ఐదేండ్లలోపు పిల్లలు, గర్భిణులు, ఉబ్బసము గలవారు గూడు శుభ్రము చేయరాదు.

గ్రుడ్ల విషయము. పక్షుల గ్రుడ్లు మధురరసము గలవనియు, సద్యోబలమునిచ్చుననియు, క్షీణించినవారికి, కాసరోగులకు హితమనియు చరకసంహిత చెప్పుచున్నది. బాతు గ్రుడ్డు కోడిగ్రుడ్డు కన్న పెద్దది, క్రొవ్వు ఎక్కువ గలది. జీర్ణశక్తి బలముగా గలవారికే అది తగును. పచ్చిగా గాని, సగము ఉడికించి గాని తినరాదు. పచ్చసొన పూర్తిగా గట్టిపడునంతవరకు ఉడికింపవలెను. ఒంటిపై దద్దుర్లు వచ్చినచో మరల తినరాదు.

బర్డ్ ఫ్లూ విషయమున అశ్రద్ధ పనికిరాదు. మన దేశమున ఈ వ్యాధి 2006లో మహారాష్ట్రలో మొదటిసారి గుర్తింపబడినది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారములలో వ్యాపించినది. ఆ మరుసటి మాసమున ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిబిడ్డ ఈ వ్యాధితో మరణించినది. కోళ్లను త్వరగా చంపు ఈ క్రిమి బాతులలో లక్షణములు చూపకయే ఉండవచ్చును. అందుచేత వ్యాధి వార్తలు వచ్చినప్పుడు బాతులను బయటి పక్షులతో కలియనీయరాదు. అకస్మాత్తుగా చనిపోయిన పక్షిని ఒట్టి చేతులతో ముట్టరాదు, తినరాదు. పశుసంవర్ధక శాఖకు తెలుపవలెను. జబ్బు పక్షులను ముట్టిన పిమ్మట ఎవరికైనను జ్వరము, ఆయాసము కలిగినచో ఇంట కషాయములతో కాలము గడుపక ఆసుపత్రికి పోవలెను. ఇంట పక్షులున్న సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను. సామాన్యమైన పడిశమునకు తులసి, అల్లము, మిరియాల కషాయము మంచిదే. ఆయాసమునకు అది చికిత్స కాదు.

బాతులు రాకముందే దినచర్య

పాదాంశిక క్రమమును ఇట్లు ఆచరింపవచ్చును. బాతులను తేదలచిన దినమునకు ఒక మాసము ముందుగా మొదలుపెట్టుడు. మొదటి వారము సూర్యోదయమునకు ముందు లేచుట మాత్రమే అభ్యసింపుడు. ఒక్కసారిగా గాక, దినమునకు పావుగంట చొప్పున ముందునకు జరుపుడు. రెండవ వారము లేచిన వెంటనే రెండు బకెట్ల నీరు పెరటికి మోసి మొక్కలకు పోయుడు. మూడవ వారము ఖాళీ గూటిలో గడ్డి పరచి, తీసి, మరల పరచుడు. సాయంకాలము చీకటి పడకముందు గూటికి గడియ వేసి రండు. నాలుగవ వారము ఒక దినము జ్వరము వచ్చినట్లు భావించి, ఆ పనులను ఇంటిలో మరియొకరికి అప్పగించి చూడుడు. ఇది వినువారికి నవ్వు పుట్టింపవచ్చును. అయినను ఈ మాసమును పూర్తి చేసినవారే బాతులను తేవలెను. నడుమ విడిచినవారు ఉద్యానవనములోని బాతులను చూచి ఆనందించుట ఉత్తమము. అందులో అవమానమేమియు లేదు.

పైన చెప్పిన కుటుంబమునకు ఈ అవకాశము లేదు. బాతులు ముందే వచ్చినవి. తాతగారు ఎనిమిది గంటలకు లేచు అలవాటు గలవారు, మోకాళ్ల నొప్పి కలదు. మొదట కుమారుడు నీరు మోసినాడు, తాతగారు గూడు తెరచుట మాత్రము చేసినారు. మెల్లమెల్లగా సగము బకెట్టు, పిదప మేత, పిదప గడ్డి మార్చుట ఆయన పనియైనవి. ఆరు మాసములకు ఆయన సూర్యోదయమునకు ముందు లేచుచున్నారు. రాత్రి పది గంటలకు నిద్ర వచ్చుచున్నదని చెప్పినారు. మోకాళ్ల నొప్పి పోలేదు. పోవునని నేను చెప్పనూ లేదు. గది నుండి పెట్టె, పొగ పోయిన పిదప పిల్లవాని దగ్గు రెండు వారములలో తగ్గినది. వాడు ఇప్పుడు దూరము నుండి మేత వేసి, చేతులు కడుగుకొని బడికి పోవుచున్నాడు.

మరియొక కుటుంబము రెండు మాసములు ప్రయత్నించి, తమ వలన కాదని గ్రహించి, పల్లెలో చెరువుగట్టున ఇల్లు గల బంధువులకు బాతులను అప్పగించినది. అదియు ధర్మమే. చేయరానిది ఒక్కటి కలదు. విసుగు పుట్టినప్పుడు బాతులను సంచిలో వేసి నగరపు చెరువులో విడిచి వచ్చువారు కలరు. నీరున్నది గదా, బ్రతుకునని వారి భావము. ఇంట పెరిగిన బరువైన బాతు ఎగురలేదు, కుక్కలను తప్పించుకొనలేదు, ఆ మురికి నీటిలో మేత వెదకుకొనలేదు. దానికి ఏదైన వ్యాధి ఉన్నచో అచటి పక్షులకును సోకును. పుచ్చుకొనువారు దొరకునంతవరకు దానిని పోషించు భారము తెచ్చినవారిదే.

గృహస్థాశ్రమమున నిత్యము భూతబలి ఇడవలెనని, అనగా తాను తినకముందు ఇతర ప్రాణులకు కొంత ఆహారము పెట్టవలెనని పెద్దలు విధించినారు. బాతులు గల ఇంట ఆ విధి ఉదయము ఐదున్నరకే గూటి తలుపు తట్టును. ముందు వాటి నీరు మార్చి, మేత వేసి, నడక చూచి, చేతులు కడుగుకొని, ఆ పిమ్మటనే మన కాఫీ.